రెండు వేళ్ల సందు

పెళ్లికూతురూ పెళ్లికొడుకూ నడుం దాకా పైకి లేచి
చేతులూపడానికి తప్ప
ఈ కారు నెత్తిన కిటికీ దేనికీ పనికిరాదని
కొన్న నెలకే తెలిసింది.
సెకండ్ హ్యాండ్. కావలిలో రొయ్యల మేత డీలరు దగ్గర.
వాయిదాలు ఇంకా ఇరవై రెండు.

ఊరేగింపులో మనిషి నడకన పోయేటప్పుడు
అది నోరు మెదపదు.
హైవే ఎక్కి ముల్లు అరవై దాటిందా
దబ్ దబ్ దబ్ దబ్
చెవి పక్కనే ఎవరో తడి దుప్పటి దులుపుతున్నట్టు.
దాని మీద సన్నగా ఒక ఈల,
పొయ్యి మీద మరిచిపోయిన కుక్కరులాగా.

మూసెయ్యరాదా అంటారు.
గ్యాసు అయిపోయిన ఏసీతో
వైశాఖంలో కందుకూరు నించి ఒంగోలు దాకా
కూర్చుని చూసి చెప్పండి.

కావలి మెకానిక్కు రబ్బరు మార్చాలన్నాడు, నాలుగు వేలు.
ఒంగోలు షోరూము కుర్రాడు
పైన నల్ల ప్లాస్టిక్ రెక్క ఒకటి బిగించాలన్నాడు,
అది ఎంతో అడిగే ధైర్యం చెయ్యలా.
కస్తూరి దూది పెట్టుకోమంది.

ఆ రాత్రి ఒంగోలులో పెళ్లివాళ్లని దింపి
మీరావలి మామని ఎక్కించుకున్నా.
సన్నాయి గుడ్డసంచిలో, కాళ్ల మధ్య నిలబెట్టి,
గడ్డం దాని మీద ఆనించి కూర్చున్నాడు.
సగంలో ఆపమన్నారంట, డీజే బాక్సులు వచ్చాయని.
ఆ మాట ఒకసారే చెప్పాడు.

టంగుటూరు టోల్‌గేటు దాటాం.
ముందు పొగాకు బేళ్ల లారీ, దాని ఘాటు,
ఆ వెనకే ఎక్కడినించో ఉప్పుగాలి.
మొదలయింది దబదబ.
సిగ్గేసి మీట మీద చెయ్యేశా.

"ఉండబ్బయ్యా."
కళ్లు మూసుకున్నాడు. తొడ మీద వేలితో తాళం చూసుకున్నాడు.
"దీన్ని గోలంటావేందిరా, ఇది ఊపిరి.
నీ బండి ఒక కుండ.
దాని మూతి మీద గాలి ఊదుతా పోతంది.
లోపల పడింది బయటికి రాలేక తన్నుకుంటంది.
సన్నాయికి బొక్కలు ఎందుకు పెట్టారనుకున్నా?
ఇంకో దారియ్యి దానికి."

వెనక అద్దం రెండు వేళ్ల సందు దించా.

ఆగిపోయింది.
ఎనిమిది నెలలుగా నా కారులో
నేను విననివి అప్పుడు విన్నా:
డిక్కీలో స్టెప్నీ పక్కన దొర్లుతున్న సీసా,
సీటు కింద పసుపుతాడు గొట్టం చప్పుడు,
మామ ఛాతీలో గరగర.

ఈల మాత్రం పోలా.
"బండిదా, నాదా?" అని నవ్వాడు, దగ్గొచ్చింది.

సింగరాయకొండలో ముంజెల బండి దగ్గర ఆపి
ఫోను లైటు వేసి నెత్తి చూశాం.
గాలిని పైకి నెట్టే సన్న వల
లేవకుండా పట్టాల్లో ఇరుక్కుని ఉంది:
అక్షింతలు. ఎండిన బంతిరేకలు. చెమ్కీ కాగితం.
పదకొండు పెళ్లిళ్లు.
పీక శుభ్రం చేసుకునే సూది తీశాడు మామ.
ఆ వయసులో ముందు సీటు మీద మోకాళ్లేసి లేచి
తల బయట పెట్టి
ఒక్కొక్క గింజా గుచ్చి లాగాడు.
ముంజెలమ్మి గిరాకీ వదిలేసి చూస్తా నిలబడింది,
పెళ్లికొడుకు ఇంత ముసలాడేందా అని కాబోలు.

టక్.
వల లేచింది.

ఆ తర్వాత కందుకూరు దాకా ఎనభైలో వచ్చాం,
పైన చుక్కలు, వెనక రెండు వేళ్ల సందు,
మామ మెల్లిగా ఏదో కూనిరాగం,
ఒంగోలులో ఆపమన్న చోటినించి అనుకుంటా.

బాడుగలో సగం ఇస్తానంటే తీసుకోలా.
"సూది మొన వంగింది, అది కొనియ్" అన్నాడు.

ఇంజను కట్టేశా.
సంచి చంకలో పెట్టుకుని సందులోకి పోయాడు.
ఈల వినబడతానే ఉంది, ఆగి ఆగి,
మసీదు మలుపు దాకా.
దానికి ఏ అద్దం దించాలో తెలియక
అట్టే కూర్చున్నా కాసేపు,
తలుపు గొళ్లెం పడ్డ చప్పుడు వచ్చేదాకా.